పసుపు జీటీ, పాత చెప్పులు

ఆదివారం పొద్దున ఏడూ నలభైకి కారు పోయింది. తొమ్మిదింటికి కృపారాణికి ఫోన్ వచ్చింది. పదీ పావుకి ఆమె స్కూటర్ సూర్యాపేట నుంచి వచ్చి కోదాడ హైవే పక్కన హోటల్ పెరట్లో ఆగింది. పదీ పదహారుకి అక్కడున్న డేవిడ్ ఆమెను చూసి మూతి ముడుచుకున్నాడు. ఆ పూట కృపారాణికి సంతోషం కలిగించిన మొదటి విషయం అదే.

కృపారాణికి నలభై ఎనిమిదేళ్లు. పదహారేళ్లు బీమా కంపెనీలకు సర్వేయర్‌గా తిరిగి, గుద్దుకున్న కార్లు నిజమే చెబుతాయనీ, అబద్ధాలన్నీ వాటి ఓనర్లే ఆడతారనీ తెలుసుకుని, సూర్యాపేటలో మందుల షాపు మేడ మీద సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆమెకు కారు నడపడం రాదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, పశువుల డాక్టరు గడ్డి తింటాడా అని అడుగుతుంది.

డేవిడ్ ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఒక బీమా కంపెనీకి ఇన్వెస్టిగేటర్. ఉండేది కోదాడలోనే. ఏ కేసైనా సాయంత్రం ఐదింటికల్లా తేల్చేస్తానని చెప్పుకుంటాడు. తేలని కేసులను కూడా తేల్చేస్తాడని కృపారాణి చెబుతుంది.

ఫోన్ చేసింది రుక్మాబాయి, మోతె దగ్గరి తండా మనిషి. ఆమె కొడుకు సాయికి సూర్యాపేటలో జర్మన్ కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. “నా కొడుకును కోదాడ స్టేషన్ల కూసోబెట్టిన్రు బిడ్డా. వానికి అబద్ధం ఆడుడే రాదు, ఇగ దొంగతనం ఏడికెళ్లి వస్తది” అంది. కృపారాణికి సాయి తెలుసు. సొట్టలు ఎక్కువ చెప్పమని ఓనర్లు పక్కనుంచి కళ్లతో ఎంత సైగ చేసినా, ఉన్న సొట్టలే చెప్పే మెకానిక్ ఈ చుట్టుపక్కల ఊళ్లలో అతనొక్కడే.

కోదాడ ఎస్సైకి ఫోన్ చేసింది, మంచివాడు. సాయంత్రం ఐదింటి దాకా ఆగుతానన్నాడు. అప్పటికీ కారు దొరక్కపోతే సాయి మీద కేసు రాయక తప్పదన్నాడు. జనం మెకానిక్ చేతిలో తాళం పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. ఆ నమ్మకం మీదే వాడి బతుకు. దొంగతనం కేసు పడినవాడి చేతిలో మళ్లీ ఎవరూ తాళం పెట్టరు, ఆరేళ్ల షెడ్డు ఈ సాయంత్రంతో మూతపడుతుంది.

పోయిన కారు పసుపు రంగు జీటీ. చూడ్డానికి చిన్నదే కానీ, టర్బో ఇంజన్ ఉన్న జర్మన్ స్పోర్ట్స్ కారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కలిపి అలాంటివి పదమూడు ఉన్నాయి. వాటి ఓనర్లంతా ‘జీటీ దోస్తులు’ అని వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఏ ఆయిలు పోయాలి, ఏ ఫిల్టరు పెట్టాలి, ఇంజన్ కంప్యూటర్ని ఎలా మార్చితే బండి ఇంకా ఉరుకుతుంది అని పగలూ రాత్రీ మాట్లాడుకుంటారు. పెళ్లిచూపుల్లో పిల్ల గురించి కూడా ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగరు. నెలలో మొదటి ఆదివారం ఈ హోటల్లో ఇడ్లీలకు కలుస్తారు. ఆ రోజు కూడా అలాగే కలిశారు.

కారు ఓనరు రితేష్, మిర్యాలగూడ రైస్ మిల్లు నాగేశ్వర్ రావు కొడుకు. ఇరవై ఆరేళ్లుంటాయి. ఏం జరిగిందో చెప్పమంటే మొదటి పది నిమిషాలు కారు ఎంత గొప్పదో చెప్పాడు. కృపారాణి ఓపిగ్గా విని, తాళాలెన్ని అని అడిగింది.

“రెండు. ఒకటి నా జేబుల్నే ఉంది. రెండోది ఇంజన్ కంప్యూటర్ రీమ్యాప్ చేయించనీకి బేస్తవారం సాయికి ఇచ్చిన.”

“నిన్న ఎక్కడున్నవ్?”

“సాయంత్రం అమ్మను ఈడ మామయ్య వాళ్లింట్ల దింపిన. నేను శశాంక్ రూముల పన్న. పొద్దున ఇద్దరం రెండు బండ్లల్ల వచ్చినం.”

శశాంక్ కోదాడ కుర్రాడు, గ్రూపులో అందరికంటే హుషారైనవాడు. అప్పటికే కృపారాణికి కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆమె స్కూటర్‌ని నీడలోకి జరిపించాడు. ఆ రోజు సంబరమంతా అతను పంచిన డబ్బాల గురించే. ‘సింహం’ అనే పేరుతో గ్రూపులో ఉన్న డీలరు ఎవరో హైదరాబాద్ నుంచి జర్మనీ బ్రేక్ ప్యాడ్లు పార్సిల్లో పంపాడట. సింహాన్ని ఎవరూ చూడలేదు, ఫోన్లోనే పరిచయం. రితేష్ బండికీ తన బండికీ నిన్ననే వేయించామనీ, మిగతా పదకొండు డబ్బాలు పొద్దున ఏడుంబావుకు పంచాననీ శశాంక్ చెప్పాడు. పక్కనే ఉన్న తన ఎర్ర జీటీ చక్రానికి కృపారాణి ఆనుకుంటే, చీర చెంగుకు నల్లటి మసి అంటింది. అతను పరుగెత్తి తడిగుడ్డ తెచ్చాడు.

ఇక డేవిడ్ తన టాబ్లెట్ తీశాడు. ఏడూ ఐదుకు కారు పెరట్లో పెట్టారు. ఏడున్నరకు సాయి ఆ ప్యాడ్ల గురించి అందరితో గొడవపడి, నడుచుకుంటూ బయటికి పోయాడు. ఏడూ నలభైకి కారు లేదని గమనించారు. సాయి తిరిగొచ్చింది ఎనిమిదీ ఇరవైకి. కారు హైవే మీద టోల్ గేటు దాటలేదు. తాళం అతని దగ్గర ఉంది, యాభై నిమిషాలు అతను కనిపించలేదు.

“ఇంకేం కావాలండీ మీకు?” అన్నాడు డేవిడ్. “బయట ఇంకెవడికో అందించి, తాపీగా నడిచొచ్చాడు. లెక్క సరిపోయింది.”

“ఆ రెండో తాళం సాయి దగ్గర ఉందని నీకెవరు చెప్పిన్రు తమ్మీ?”

“నాకు సోర్స్ ఉంది. ఏడూ యాభైకే ఫోన్ చేసి చెప్పారు.”

“రితేష్ చేసిండా?”

“రితేష్ గారు చేసింది ఎనిమిది తర్వాత. ఇది వేరే. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీరే కదండీ నేర్పారు, సోర్స్ పేరు బయటపెట్టొద్దని.”

నేర్పిన పాఠం తనకే తిరిగొచ్చినందుకు కృపారాణికి కోపం రావాలి, నవ్వొచ్చింది. కారు నిలబడిన చోటు చూస్తానని లేచింది.

పెరటి మూలన ఖాళీ జాగా. ఒక పక్క గోడ, ఇంకో పక్క అంట్లు తోమే కుళాయి. అక్కడ ఉమ అనే ఆమె పొద్దుటి నుంచీ ప్లేట్లు కడుగుతోంది. ఇంతసేపూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. కారు పోవడం తాను విన్నానని ఉమ చెప్పింది. చూడలేదు, వీపు అటు ఉంది. స్టార్ట్ అయింది, వెంటనే కదలలేదు, అట్లనే గురగురమంటూ నిలబడింది, తర్వాత మెల్లగా పోయింది.

“ఎంతసేపు నిలబడ్డది?”

“ఆరు ప్లేట్లు కడిగినమ్మా.”

కృపారాణి గడియారం చూస్తూ ఆమెచేత ఆరు ప్లేట్లు కడిగించింది. నిమిషం పది సెకన్లు పట్టింది. డేవిడ్ నవ్వాడు. కృపారాణి నవ్వలేదు. దొంగ తాళం తిప్పగానే ఉరుకుతాడు. ఇంజన్లో ఆయిలు పైదాకా ఎక్కనిచ్చి, ఆ తర్వాత కదిలే దొంగను ఆమె పదహారేళ్లలో చూడలేదు.

అప్పుడు ఆమెకు చెప్పులు కనిపించాయి. ఆడవాళ్ల రబ్బరు చెప్పులు, మడమ దగ్గర అరిగినవి. డ్రైవర్ తలుపు ఉండాల్సిన చోట, రెండూ పక్కపక్కన ఒద్దికగా ఉన్నాయి. ముందు భాగం కారు వైపు ఉంది.

“పనోళ్లవి” అని డేవిడ్ కాలితో పక్కకు నెట్టబోయాడు. ఉమ తన కాలెత్తి చూపించింది. ఆమె చెప్పులు ఆమె కాళ్లకే ఉన్నాయి. కృపారాణి ఆ చెప్పులు చేతిలోకి తీసుకుని తిప్పింది. అడుగున గీతల్లో మెత్తటి పొడి ఇరుక్కుని ఉంది. వాసన చూసింది. తవుడు. ఇంటి వాకిట్లో విడిచినట్టు చెప్పులు విడిచి, కారు ఎక్కిందెవరో. ఎక్కిన మనిషి అలవాటు కొద్దీ విడిచింది, తొందరలో మరిచిపోయింది.

“దొంగతనానికి చెప్పులు విడిచి వస్తారా అండీ?” అన్నాడు డేవిడ్.

“దొంగతనానికి రాలేదేమో” అంది కృపారాణి. చెప్పులు కవర్లో పెట్టుకుంది. ఐదింటికి స్టేషన్లో కలుద్దామన్నాడు డేవిడ్, పందెం గెలిచినవాడిలా.

ఆమె రితేష్ ఫోన్ తీసుకుని గ్రూపు మెసేజులన్నీ వెనక్కి చదివింది. అందరూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసే చోట, ఒక్కరే శుభ్రమైన తెలుగులో రాస్తున్నారు. పేరు ‘కె.ఎన్.’ అని మాత్రమే ఉంది. ఒక్కసారీ ఇడ్లీలకు రాలేదు.

‘బండి ఆపంగనే బంద్ చేయకుండ్రి. టర్బో ఎర్రగ కాలి ఉంటది. రెండు నిమిషాలు సల్లారనియ్యుండ్రి.’

‘ఆయిలు కింది గీతకు దిగితే సోలెడు పడ్తది. అంతకు మించి పొయ్యొద్దు.’

‘ఎక్కేటప్పుడు చెప్పులు ఇడువుండ్రి. మన్ను పెడల్ కింద చేర్తది.’

బియ్యం కొలిచే సోలతో ఆయిలు కొలిచేదెవరని గ్రూపంతా పడీ పడీ నవ్వింది. తర్వాత ఎవరో నిజంగానే వాళ్లమ్మ సోల తీసుకొచ్చి పోసి చూస్తే, పై గీతకు సరిగ్గా సరిపోయింది. అప్పట్నుంచి కె.ఎన్. మాటంటే అందరికీ గురి. ముసలి లారీ డ్రైవరై ఉంటాడని తాతయ్యా అని పిలుస్తారు. ఆఖరి మెసేజ్ మాత్రం నిన్న సాయంత్రానిది. ‘ఆ డబ్బాల సరుకు ఏసుకోకుండ్రి. చక్రం మీది దుమ్ము నల్లగ లేదు, బూడిద రంగున్నది.’ దానికి సింహం, ‘వంటల గ్రూపు పక్కన ఉంది తాతయ్యా’ అని జవాబిచ్చాడు. రితేష్ మూడు నవ్వు బొమ్మలు పెట్టాడు.

నిన్న సాయంత్రానికి ఆ ప్యాడ్లు వేసిన బండ్లు రెండే. అందులో రితేష్ చక్రాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లెవరో కృపారాణి వేళ్ల మీద లెక్కపెట్టింది. రెండో వేలు దాకా వెళ్లాల్సిన పని పడలేదు. సాయి వచ్చేదాకా ఆ డబ్బాలు ఎవరూ విప్పొద్దని కుర్రాళ్లకు చెప్పింది. సాయి లేకుండా ఎవరు బిగిస్తారని వాళ్లు నవ్వారు.

స్టేషన్లో సాయి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. టీ ఇచ్చారట, తాగలేదు. గొడవ గురించి దాపరికం లేకుండా చెప్పాడు. ప్యాడ్‌ని గోటితో గీకితే పొడి రాలింది, బిగించనన్నాడు, వాళ్లు నవ్వారు, మనసు నొచ్చుకుని బస్టాండ్ దాకా నడిచి వచ్చాడు. రెండో తాళం శుక్రవారమే తిరిగి ఇచ్చేశాడు.

“ఎవరికి?”

“అది అడగకుండ్రి మేడమ్.”

కృపారాణి కవర్లోంచి చెప్పులు తీసి బెంచీ మీద పెట్టింది. సాయి వాటిని చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు తెల్వదు అన్నాడు. రుక్మాబాయి చెప్పింది నిజమే, కొడుక్కి అబద్ధం ఆడటం అస్సలు రాదు.

“ఐదింటికి కేసు రాస్తరు సాయీ. షెడ్డు పోతది.”

“మాట ఇచ్చిన మేడమ్. షెడ్డు పోతే ఇంకోటి ఏసుకుంట, మాట బోతే ఏం ఏసుకుంట?” అన్నాడు. ఆమె లేస్తుంటే, “ఆ చెప్పులు జర భద్రంగ పెట్టుండ్రి” అన్నాడు.

కృపారాణి చెప్పులు మళ్లీ కవర్లో పెట్టుకుంది. ఇలాంటి మనిషిని ఐదింటికి దొంగల పుస్తకంలో రాయనివ్వకూడదని గట్టిగా అనుకుని, బయటికొచ్చి మిర్యాలగూడకు ఫోన్ చేసింది.

నాగేశ్వర్ రావు ముందు కారును తిట్టాడు, తర్వాత కొడుకును తిట్టాడు. భార్య కన్యక కోదాడలో అన్నగారింట్లో ఉందన్నాడు. ఆ అన్నగారికి ఫోన్ చేస్తే, చెల్లెలు ఏడింటికే మిర్యాలగూడ బస్సెక్కుతానని వెళ్లిందన్నాడు. రెండిళ్ల వాళ్లూ ఆమె రెండో ఇంట్లో ఉందనుకుని నిశ్చింతగా ఉన్నారు. కృపారాణి మళ్లీ నాగేశ్వర్ రావుకే ఫోన్ చేసి, అమ్మగారికి కారు నడపడం వచ్చా అని అడిగింది. ఆయన అవతల పెద్దగా నవ్వాడు. ఆమెకు స్కూటీ తోయడమే రాదన్నాడు. ఇంకెక్కడైనా మిల్లు ఉందా అంటే, నేరేడుచర్లలో పాత మిల్లు రెండేళ్లుగా మూతపడి ఉందనీ, తాళం కన్యక దగ్గరే ఉంటుందనీ, అమావాస్య అమావాస్యకు వెళ్లి దీపం పెట్టి వస్తుందనీ చెప్పాడు.

ఒంటిగంటకు స్కూటర్ ఎక్కితే నేరేడుచర్ల చేరేసరికి రెండున్నర. పాత మిల్లు గేటు దగ్గరికేసి ఉంది. లోపల షెడ్డులో పసుపు జీటీ జాకీ మీద నిలబడి ఉంది. దాని ముందు చక్రం పక్కన, కొంగు నడుముకు బిగించి, కళ్లజోడు ముక్కు మీదికి జారగా, యాభై మూడేళ్ల కన్యక వీల్ పానాతో కుస్తీ పడుతోంది. కాళ్లకు ఏమీ లేదు.

కృపారాణి గడప దగ్గర చెప్పులు పెట్టింది. కన్యక తలెత్తి ముందు చెప్పులను చూసింది, తర్వాత మనిషిని చూసింది.

“పొద్దటి నుంచి కాళ్లు మండుతున్నయ్. ఏడ ఇడిచిన్నో యాదికే రాలె” అంది.

సాయే ఆమెకు ఆరు నెలలు కారు నేర్పాడు, ఇదే మిల్లు ఆవరణలో. ఆ ఆరు నెలల్లో కన్యకకు పదహారు అమావాస్యలు వచ్చాయి. లైసెన్సు పోయిన నెలే వచ్చింది, కందిపప్పు డబ్బాలో ఉంది. ఇంటి ఆడవాళ్లు వెనక సీట్లోనే కూర్చోవాలనే భర్తకు ఎలా చెప్పాలో తెలియక, సమయం వచ్చినప్పుడు తానే చెబుతాననీ, అప్పటిదాకా నోరు విప్పొద్దనీ సాయి దగ్గర మాట తీసుకుంది. కొడుకు గ్రూపులో ఇంకో నంబరుతో చేరి కె.ఎన్. అయింది. కె.ఎన్. అంటే కన్యకా నాగేశ్వర్ రావు.

శనివారం సాయంత్రం అన్నగారింటి ముందు కారు దిగుతుంటే వేడి చక్రం దగ్గర ఊక కాలిన వాసన వచ్చింది. ముప్పై ఏళ్లు మిల్లు బాయిలర్ పక్కన బతికిన మనిషికి ఆ వాసన కొత్త కాదు. కొడుక్కి చెబితే నీకేం తెలుసమ్మా అన్నాడు. గ్రూపులో రాస్తే నవ్వాడు. ఆదివారం దోస్తులతో పందెం పెట్టి హైవే మీద ఉరికిస్తానన్నాడు. అందుకే ఏడున్నరకు రెండో తాళంతో హోటల్ పెరట్లోకి నడిచి, కారు తీసుకుని, స్పీడు నలభై దాటనివ్వకుండా ఇక్కడికి తెచ్చింది. డిక్కీలో పాత ప్యాడ్లున్నాయి. అవే మళ్లీ వేస్తోంది. వీడియో చూస్తూ చేస్తుంటే మొదటి చక్రానికే మధ్యాహ్నమైంది. పగిలిపోయిన కొత్త ప్యాడ్ ఒకటి తీసి కృపారాణి చేతిలో పెట్టి నలిపింది. బూడిద రంగు పొడి రాలింది.

“ఇనుము లేదు, ఏం లేదు. ఊక బూడిద, బంక. దీన్ని నమ్మి నా కొడుకు నూట ఇరవై మీద పోతడా?”

కృపారాణి అప్పుడు సాయి సంగతి చెప్పింది. కారు పోయిందని గ్రూపులో చూశాను గానీ సాయిని పట్టుకుపోయారని అందులో ఎవరూ రాయలేదంది కన్యక. చేతిలో పానా కిందపడింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

“నేను భయపడి దాసుకున్న మాటకు ఆ పిల్లగాడు కూసున్నడా స్టేషన్ల?”

ఇద్దరూ కలిసి రెండో చక్రం బిగించారు. హోటల్లో ఇంకా పదకొండు డబ్బాలు ఉన్నాయని కృపారాణి చెప్పగానే, ఏసుకోవద్దని కె.ఎన్. పేరుతో మళ్లీ గ్రూపులో రాసింది కన్యక. సింహం మళ్లీ వంటల గ్రూపు గుర్తుచేశాడు. సాయి లేకుండా వాళ్లు డబ్బాలే విప్పరని కృపారాణి ధైర్యం చెప్పింది. నాలుగింటికి పది నిమిషాలుండగా బయల్దేరారు. ఎక్కేముందు చెప్పులు విప్పించింది కన్యక. ఈసారి ఇద్దరి చెప్పులూ డిక్కీలో పెట్టింది.

నాలుగూ యాభై ఐదుకు పసుపు జీటీ కోదాడ స్టేషన్ ఆవరణలో ఆగింది. ముందు ఎస్సై, వెనక డేవిడ్, ఆ వెనక సాయి మెట్ల మీదికి వచ్చారు. డ్రైవింగ్ సీట్లోంచి కన్యక దిగింది. ఇంజన్ ఆపండని ఎస్సై అన్నాడు. ఆమె రెండు వేళ్లు చూపించింది.

“రెండు నిమిషాలు సారూ. సల్లారాలె.”

ఆ కొద్దిసేపట్లోనే కృపారాణి జరిగిందంతా చెప్పేసింది. కారు పోలేదు, ఇంటి మనిషే తీసుకెళ్లింది. కన్యక సాయి ముందు నిలబడి, ఇగ నీ మాట నీకు వాపస్ ఇచ్చిన బిడ్డా అంది. సాయి తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. కానీ ఆమె చేతిలోని ప్యాడ్ ముక్క చూడగానే అతని మొహం మారింది.

“అమ్మా, గివే మధ్యాహ్నం దోస్తులంత టైర్ల షాపుల పదకొండు బండ్లకు ఏయించిన్రు. ఎస్సై సారు కాడికి వచ్చి నాకు చూపిచ్చి మరీ పోయిన్రు. నా షెడ్డు ఎతుకుతమని నాలుగున్నరకు అందరూ సూర్యాపేట దిక్కు హైవే ఎక్కిన్రు. రితేషన్న శశాంక్ బండిల ఉన్నడు.”

రాసిన మాటను రెండుసార్లు నవ్వులాటగా తీసేశారు. ఇక మిగిలింది గొంతే. ఆ గొంతు బయటపడితే మిర్యాలగూడ దాకా పాకుతుంది, రాత్రిలోగా నాగేశ్వర్ రావుకు చేరుతుంది. కన్యక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడానికి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

“నేను కె.ఎన్.ను. తాతయ్యను కాదు, రితేష్ వాళ్లమ్మను. అందరు బండ్లు పక్కకు తీయుండ్రి. బ్రేకు గట్టిగ తొక్కకుండ్రి, గేరు తగ్గించుకుంట, హ్యాండ్ బ్రేకు మెల్లగ గుంజి ఆపుండ్రి. ఆపినంక రెండు నిమిషాలు నడవనిచ్చి బంద్ చేయుండ్రి.”

ఎస్సై హైవే గస్తీ వాళ్లకు ఫోన్ చేశాడు. మిగతావాళ్లంతా ఆ చిన్న తెర మీదికి వంగారు. ఆపినం అని ఒకరు. ఆపిన ఆంటీ అని ఇంకొకరు. పొగ వస్తుందని ఒకరు. ఒక్కొక్కటే లెక్కపెడుతూ పదకొండు దాకా వచ్చింది కృపారాణి. పన్నెండోది రాలేదు. దాని బదులు తెర మధ్యలో చిన్న అక్షరాలతో ఒక వరుస పడింది. సింహం గ్రూపు నుంచి వెళ్లిపోయాడు.

సింహం పేరు మీద నొక్కితే నంబరు కనిపించింది. డేవిడ్ దాన్ని చూసి, తన ఫోన్ తీసి, పక్కపక్కన పెట్టాడు. పొద్దున ఏడూ యాభైకి ఫోన్ చేసిన సోర్స్ నంబరు అదే.

“హైదరాబాద్ డీలరుకి, కారు పోయిన పది నిమిషాలకే ఇక్కడి సంగతి ఎలా తెలిసింది మేడమ్?” అని నెమ్మదిగా అడిగాడు. చాలా ఏళ్ల తర్వాత ఆమెను అలా అడిగాడు, పని నేర్చుకునే రోజుల్లో అడిగినట్టు.

కృపారాణి తన చీర చెంగు చూసుకుంది. తడిగుడ్డతో తుడిచినా పోని నల్లటి మసి. ఆ ప్యాడ్లు వేసిన చక్రం మీద దుమ్ము బూడిద రంగులో ఉండాలి. సింహం అంటే శశాంకే, తన బండికి మాత్రం తన సరుకు వేసుకోలేదు. బిగించనని ఎదురు తిరిగిన మెకానిక్‌ని మాత్రం పది నిమిషాల్లో దొంగను చేశాడు.

ఫోన్ మళ్లీ మోగింది. రితేష్ మెసేజ్, గ్రూపులో కాదు, అమ్మ నంబరుకు.

‘అమ్మా, నువ్వా కె.ఎన్.?’

దాని కింద వెంటనే ఇంకొకటి.

‘శశాంక్ బండి ఆపుత లేడు. సూర్యాపేట గూడ దాటేటట్టున్నడు.’

పసుపు జీటీ ఇంకా గురగురమంటూనే ఉంది. రెండు నిమిషాలు అయ్యాయో లేదో ఎవరూ చూసుకోలేదు. కన్యక తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చుంది. సాయి ఎస్సై వైపు చూశాడు. ఆయన పొమ్మని తల ఊపి, జీపు తాళాల కోసం పరుగెత్తాడు. సాయి ముందు సీట్లోకి, కృపారాణి వెనక సీట్లోకి ఎక్కారు. డేవిడ్ కూడా ఎక్కబోతే, కన్యక అద్దంలోంచి అతని కాళ్ల వైపు చూసింది. అతను కిక్కురుమనకుండా బూట్లు విప్పాడు.

కారు గేటు దాటి హైవే వైపు తిరిగింది. స్టేషన్ మెట్ల ముందు సాయి చెప్పులు, వాటి పక్కన లేసులు కూడా పూర్తిగా విప్పని డేవిడ్ బూట్లు మిగిలాయి.